ముప్పై నాలుగని రాసేశారు

నేను ఒక కొలత టేపును. నూట యాభై సెంటీమీటర్లని నా ఒంటి మీద అచ్చు వేసి ఉంది. నమ్మకండి. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. నాతో కలిసి బతికినవాళ్లలో చాలామంది చెప్పాల్సిన ఒక్క మాటా చెప్పకుండానే వెళ్లిపోయారు. దానివల్ల ఏమైందో చూశాను కాబట్టి, నేనైనా మొదట్లోనే చెప్పేసి తర్వాత కథలోకి వెళ్తాను.

పుట్టినప్పుడు సరిగ్గానే ఉన్నాను. గట్టి గుడ్డ పట్టీ, దాని మీద పసుపు పూత, నల్ల అంకెలు, రెండు కొసలకూ ఇత్తడి తొడుగులు. ఒక వైపు అంగుళాలు, మరో వైపు సెంటీమీటర్లు. పన్నెండు మందిమి ఒకే అట్టపెట్టెలో చుట్టచుట్టుకుని పాలకొండ వచ్చాం. దుకాణంలో పెట్టె విప్పిన రోజునే విడిపోయాం. మిగతా పదకొండు మందీ ఏ మెడల్లో వేలాడారో, ఎక్కడ తెగిపోయారో నాకు తెలియదు. ఇప్పటికీ ఆలోచిస్తూ ఉంటాను. టేపులకు దిగుళ్లేమిటని మీరు నవ్వుకోవచ్చు. చుట్టి పెట్టిన వస్తువుకు ఆలోచించడం తప్ప వేరే పనేముంటుంది?

మొదట నన్ను కొన్నది అప్పలకొండ అనే దర్జీ. ఆడవాళ్ల జాకెట్లు కుట్టేవాడు. పదకొండేళ్లు అతని మెడలో ఉన్నాను. మంచివాడే, కానీ ఒక పాడు అలవాటు ఉండేది. కొలత తీసే ముందు ప్రతిసారీ నా రెండు కొసలూ పిడికిళ్లలో పట్టి టప్పున లాగేవాడు. సాయంత్రం దుకాణం కట్టేసేటప్పుడు నన్ను మేకుకు తగిలించి, కింది కొసకు కత్తెర వేలాడదీసేవాడు. గుడ్డనయ్యా నేను, ఇనుమును కాదు! సాగిపోయాను. కంటికి తెలియకుండా, ఏడాదికి కాస్త, ఏడాదికి కాస్త.

అప్పలకొండకు అది తెలుసు. భార్య మిషను దగ్గర కూర్చున్నప్పుడల్లా హెచ్చరించేవాడు.

"ఒలే, దీనికి నలభైకి ముప్పావంగుళం కలుపుకోవాలి. మర్సిపోకు. ఇది తక్కువ సెప్తాది."

"కొత్తది కొనుక్కోవచ్చు కదేటి?"

"దీని అబద్ధం నాకు అలవాటైపోనాది. కొత్తదాని అబద్ధం ఎవుడికి తెలుసు?"

అతను కుట్టిన జాకెట్టు ఎప్పుడూ బిగుతు కాలేదు. అబద్ధమాడే టేపుకు ఆ అబద్ధాన్ని ఎరిగిన మనిషి దొరికితే నిజమే బయటికొస్తుంది. కానీ ఆ మనిషి నుంచి విడిపోతే?

విడిపోయాను. హైమావతి సిస్టరు జాకెట్లు తీసుకోవడానికి వచ్చింది. ఏటి ఒడ్డున ఆరు ఊళ్లకు ఆమె నర్సమ్మ. ఇల్లిల్లూ తిరిగి బాలింతలనూ పసిపిల్లలనూ చూసే ఉద్యోగం. ఆసుపత్రి వాళ్లిచ్చిన టేపు ఎక్కడో పారేసుకుందట. పిల్లల తలలు కొలవాలి, ఇంకోటి వచ్చేదాకా ఏదైనా ఉంటే ఇమ్మని అడిగింది. అప్పలకొండ మెడలోంచి తీసి వెంటనే ఇచ్చేశాడు.

"తీసుకోండి సిస్టరుగారూ. పిల్లల పనికన్నా నా పనేటి గొప్ప? ఎండలో ఎట్టకండి, అంకెలు చెరిగిపోతాయి. మడతెట్టకండి, సుట్టండి."

ఇన్ని మాటలు చెప్పాడు. ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. బయట ఆమె ఎక్కాల్సిన బస్సు హారను కొడుతోంది. ఇతనేమో కత్తెర ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటున్నాడు. ముప్పావంగుళం సంగతి అతని నోట్లోనే ఉండిపోయింది. నాకు నోరుంటే బస్సు ఆపి మరీ చెప్పేదాన్ని.

అలా నేను సెంటీమీటర్ల వైపు తిరిగాను. హైమావతి సంచిలో పిల్లల్ని తూచే కొక్కెం కాటా, చుక్కల మందులు, జ్వరం చూసే గొట్టం, కరపత్రాల కట్ట ఉండేవి. అంకెలు నాకు పుట్టుకతో వచ్చు. అక్షరాలు ఆ కరపత్రాలకు ఆనుకుని పడుకుని నేర్చుకున్నాను. బిడ్డకు తల్లిపాలే ఎందుకు పట్టాలి, తల చుట్టుకొలత ఎందుకు చూడాలి, అన్నీ చదివాను. ఇంట్లో ఎవరూ చదవని కాగితాలను చదివేది ఇలా మూల పడి ఉన్నవాళ్లమే.

హైమావతికి శుభ్రం పిచ్చి. వారానికోసారి నన్ను మరిగే నీళ్లలో ముంచి తీసేది. ముడతలు పడకూడదని తీగ మీద ఆరేసి, కింది కొసకు ఆ కొక్కెం కాటాను తగిలించేది. దర్జీ కత్తెర పోయి కాటా వచ్చింది. నేను ఇంకొంచెం సాగాను. ఆమె నన్ను ఒక్కసారైనా స్కేలు పక్కన పెట్టి చూడలేదు. మనుషుల సంగతి నాకు అర్థం కాదు. పిల్లల్ని కొలుస్తారు, పొలాన్ని కొలుస్తారు, పెళ్లికూతురి ఎత్తు కొలుస్తారు. కొలిచేదాన్ని మాత్రం కొలవరు.

పసివాడి తల కొలవడం ఎలాగో తెలుసా? కనుబొమల పైన ఆనించి, చెవుల మీదుగా, వెనక బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోటు చుట్టి, బిగించీ బిగించకుండా పట్టుకోవాలి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల్లో ఏడుపులు, జోకొట్టడాలు, "టోపీ తియ్యకండమ్మా, గాలి కొడతాది" అనడాలు. టోపీ మీంచే కొలిపించుకున్న మహానుభావులున్నారు. మీరు మనిషిని ముఖంతో గుర్తుపడతారు. నేను తల చుట్టుతో గుర్తుపడతాను. ఎన్నో వెచ్చటి బుర్రలు, పాల వాసన, నూనె వాసన. ఒక్కొక్కరూ ఒక్క క్షణం నా కౌగిట్లో ఉండి వెళ్లిపోయినవాళ్లే.

నా కౌగిట్లోకి రాకుండానే వెళ్లిపోయిన ఒక పాప సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ, దాటేస్తే తర్వాతి కథ మీకు అర్థం కాదు.

నేను హైమావతి దగ్గరికొచ్చిన ఏడో ఏడు. ఏటి అవతలి ఊళ్లో ఆడపిల్ల పుట్టింది. వర్షాకాలం. పడవవాడు ఎప్పుడూ తొందరపెడుతూనే ఉండేవాడు. హైమావతి మూడుసార్లు వెళ్లింది. మూడుసార్లూ బరువు చూసింది, తల్లిని పలకరించింది. నన్ను సంచిలోంచి తియ్యలేదు. పుట్టిన పిల్లల తలలు ఎక్కువగా ముప్పై నాలుగు దగ్గరే ఉంటాయి కదా అని పడవలో కూర్చుని రిజిస్టరులో ముప్పై నాలుగని రాసేసింది. రెండోసారీ ముప్పై నాలుగు, మూడోసారీ ముప్పై నాలుగు. నెల రోజుల్లో పిసరంత కూడా పెరగని తల ఎక్కడైనా ఉంటుందా? రాసేటప్పుడు ఆమె చెయ్యి ఆగలేదు. ఆ కాగితాలు తీసుకున్నవాళ్ల కళ్లూ ఆగలేదు.

నలభై రెండో రోజున పాపకు ఫిట్స్ వచ్చాయి. పెద్దాసుపత్రికి చేరేసరికి మెదడులో రక్తం నిండిపోయింది. మెదడు నడిమధ్యన ఒక రక్తనాళం కడుపులో ఉన్నప్పుడే తప్పుగా కలిసిందని, అది ఉబ్బి ఉబ్బి చిట్లిందని, వేలమందిలో ఏ ఒక్కరికో ఇలా ఉంటుందని అక్కడివాళ్లు చెప్పారు. తల ఎప్పటినుంచి పెరుగుతోందని అడిగారు. హైమావతి రిజిస్టరు చూపించింది. ఆ డాక్టరు మూడు ముప్పై నాలుగుల్నీ చూసి, రిజిస్టరు మూసి తిరిగిచ్చాడట. ఈ మాట హైమావతి వాళ్ల అక్కతో చెబుతుంటే సంచిలోంచి విన్నాను. తిట్టి ఉంటే బాగుండేదని ఏడ్చింది.

ఆనాటి నుంచి తొమ్మిదేళ్లు, ఏ తలనూ వదలలేదు. వాన వచ్చినా, పడవ పోయినా సరే. నేను తక్కువ చెబుతున్నానని ఆమెకు తెలియదు పాపం. బుద్ధిగా, నిజాయితీగా, ప్రతిసారీ తప్పు అంకె రాసింది. నాకు తల బాదుకోవాలనిపించేది. బాదుకోవడానికి నాకేముంది, ఇత్తడి తొడుగు తప్ప!

ఇక నీలంవలస పిల్లాడి సంగతి.

శ్యామలకు తొలికాన్పు. మొగుడు గౌరునాయుడు రాజాంలో గోనెసంచుల మిల్లులో పని చేస్తాడు. ఆసుపత్రిలో మగపిల్లాడు పుట్టాక కన్నవారింటికి తెచ్చారు. ఇంటి పెత్తనమంతా శ్యామల తల్లి చిన్నమ్మడిది. బక్కపలచటి మనిషి, నోరు మాత్రం ఊరంత. మూడో రోజున హైమావతి వెళ్లి నన్ను సగం విప్పిందో లేదో, చిన్నమ్మడు ఉయ్యాలకు అడ్డంగా నిలబడింది.

"టేపు వద్దు సిస్టరమ్మా. సుట్టి కొలిస్తే గుంటడు ఎదగడు. మనిసికి టేపు ఎట్టేది రెండుసార్లే. ఒకటి పెళ్లి సొక్కాకి. రెండోది ఎప్పుడో నాను సెప్పను, నువ్వు అడక్కు."

"ఊళ్లో అందరి పిల్లల్నీ కొలుస్తున్నాను కదా చిన్నమ్మడూ. ఎవరు ఎదగకుండా ఉండిపోయారు?"

"ఊళ్లో అందరూ మా గుంటడేటి?"

హైమావతి నన్ను చుట్టేసింది. మర్నాడొచ్చి మంచిగా అడుగుదాములే అనుకుంది. కానీ ఇప్పుడు రిజిస్టరుతో పాటు, వివరాలు నింపి పంపాల్సిన ఫోను కూడా ఉంది. అందులో తల కొలత గడి ఖాళీగా వదిలేస్తే తర్వాతి పేజీ రాదు. గడి ఎర్రగా వెలుగుతూ ఉంటుంది. అరుగు మీద కూర్చుని రెండుసార్లు ఖాళీగా పంపబోయింది. వెళ్లలేదు. అటూ ఇటూ చూసి ముప్పై నాలుగని కొట్టింది. పేజీ కదిలింది.

తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ అదే అంకె! సంచిలో నేను బిగుసుకుపోయాను. ఖాళీని ఒప్పుకోని యంత్రాన్ని ఏ బుద్ధిమంతుడు తయారు చేశాడో గానీ, తెలియదు అని రాసుకునే చోటు ఒక్కటి పెట్టి ఉంటే అతని సొమ్మేం పోయేది?

మర్నాడు టీకాల పని పడింది, ఆ తర్వాత జ్వరాల సర్వే. ఆమె మళ్లీ నీలంవలస వెళ్లేసరికి పిల్లాడికి ఇరవై ఆరో రోజు, సోమవారం. ఈసారి వెంట ప్రసన్న వచ్చింది. ఉపకేంద్రానికి కొత్తగా వచ్చిన అమ్మాయి. హైమావతి ఏడాదిలో రిటైరవుతుంది, ఆమె స్థానంలోకి ఈమె వస్తుంది. ప్రసన్న దగ్గర వాడి పారేసే కాగితం టేపులుండేవి, అయిపోయాయి. అందుకని నేనే వెళ్లాను.

శ్యామల ముఖం పీక్కుపోయి ఉంది.

"రెండు గుక్కలు తాగి వదిలేత్తన్నాడు సిస్టరమ్మా. నుదురంతా చెమట. పాలు తాగడానికి ఇంత ఆయాసమేటి? గుండె సూడండి, పిట్ట గుండెలాగ కొట్టుకుంటంది."

"ఎండలకి చెమట పట్టదేటి?" అంది చిన్నమ్మడు. "బుర్ర సూడు, ఎలగ నిండుగున్నాదో. అల్లుడి వంశం బుర్ర. సదువుల బుర్ర."

నేను ఆ బుర్రను చూశాను. కణతల మీద నీలం నరాలు తేలి కనబడుతున్నాయి. నుదురు ముందుకొచ్చింది. చదువుల బుర్రట! ఓ చిన్నమ్మడూ, నన్నొక్కసారి చుట్టనివ్వవే తల్లీ, అని నాలో నేనే అరుచుకున్నాను.

"కొలవనీ అమ్మా," అంది శ్యామల. "నువ్వు అటు తిరుగు." చిన్నమ్మడు నిజంగానే గోడ వైపు తిరిగి నిలబడింది.

ప్రసన్న నన్ను చుట్టింది. చక్కటి చెయ్యి, టోపీ తీయించి మరీ కొలిచింది. ముప్పై ఏడు పాయింట్ ఏడు. ఎదుగుదల పట్టికలో చూసింది. పెరిగే పిల్లల గీతల నట్టనడుమ పడింది.

"గీతల మధ్యలోనే ఉంది సిస్టర్. పుట్టినప్పుడు ముప్పై నాలుగు ఉంది మీరు రాసిందాంట్లో. కాస్త జోరుగా పెరిగాడు, అంతే. ఆయాసానికి జలుబేమో చూద్దాం, మందిచ్చి రెండ్రోజులాగి..."

హైమావతి ఉయ్యాల కర్ర పట్టుకుని నిలబడింది. ఆ ముప్పై నాలుగు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గదిలో ఆమె కాక తెలిసింది నాకొక్కదానికే. ఇప్పుడు నోరు మూసుకుంటే సరిపోతుంది. ప్రసన్న మందు రాసిస్తుంది, ఇద్దరూ వెళ్లిపోతారు, ఎవరికీ ఏమీ తెలియదు. రిటైరయ్యేదాకా మంచిపేరు ఉంటుంది. మళ్లీ అలాగే అవుతుందేమోనని నాకు భయం.

"ఆ ముప్పై నాలుగు నేను కొలవలేదమ్మా," అంది హైమావతి.

ప్రసన్నకు వెంటనే అర్థం కాలేదు.

"ఈవిడ కొలవనివ్వలేదు. ఫోను కదల్లేదు. రాసేశాను. పుట్టినప్పుడు ఎంతుందో నాకు తెలీదు. ఆ అంకె నమ్మి మందు రాయకు."

"మరి ఆసుపత్రి చీటీలో?"

"బరువే ఉంది. చూశాను."

"అయితే దేనితో పోల్చి చూడాలి సిస్టర్? ఒక్క కొలత ఉంటే, తల మొదట్నుంచీ ఇంతేనో, ఉన్నట్టుండి పెరిగిందో ఎలా చెప్పను?"

గోడ వైపు తిరిగిన చిన్నమ్మడు ఇటు తిరగలేదు. హైమావతి ఉయ్యాల కర్రకు తల ఆనించింది. అప్పుడు ఆమె ముఖానికి ఏదో తగిలింది. కర్రకు వేలాడుతున్న మూడు నల్లదారాలు.

"ఈ నల్లదారాలేటి?"

"దిష్టి దారాలు," అంది చిన్నమ్మడు గోడ వైపే చూస్తూ. "ఆదివారం ఆదివారం తీస్తాం. దారం గుంటడి బుర్ర సుట్టూ తిప్పి, సరిగ్గా అంత కోసి, మూడుసార్లు దిగదుడిసి కడతాం. మా అమ్మ నాడి నుంచీ ఆనవాయితీ. పురిటి నీళ్ల ఆదివారం ఒకటి, దాని తరవాత ఆదివారం ఒకటి, నిన్న ఒకటి."

"మూడూ మూడు పొడుగులున్నాయేటి?"

"బుర్ర పెరిగితే దారం పెరగదేటి!" అనేసింది చిన్నమ్మడు. అనేసి, తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయింది. మెల్లగా ఇటు తిరిగింది.

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఒంటినిండా అంకెలు పొడిపించుకున్న నన్ను గుమ్మం దగ్గరే ఆపేసి, గీత కూడా లేని దారాన్ని మూడు వారాలు వరసగా చుట్టిందా ఈ మనిషి! దారంతో కొలిస్తే కొలిచినట్టు కాదట. పోనీ, దారమైనా చుట్టింది. అది చాలు.

ముడులు విప్పి దారాల్ని చాప మీద పరిచారు. ప్రసన్న నన్ను పక్కన పెట్టి చదివింది. ముప్పై నాలుగు పాయింట్ మూడు. ముప్పై అయిదు పాయింట్ ఎనిమిది. ముప్పై ఏడు పాయింట్ ఏడు. మళ్లీ చదివింది. నమ్మకం చిక్కలేదు. పక్కింటి అమ్మాయి బడి సంచిలోంచి పెద్ద ఇనుప స్కేలు తెప్పించి నా పక్కన పెట్టింది. నా ముప్పై గుర్తు, స్కేలు ముప్పైని దాటి అర సెంటీమీటరు పైనే అవతలికి పోయింది.

దర్జీ మెడలో పదకొండేళ్లు, సంచిలో పదహారేళ్లు. ఇన్నాళ్లకు ఒక మనిషి నన్ను కొలిచింది.

"సిస్టర్, మీ టేపు సాగిపోయింది. ఇది తక్కువ చెబుతోంది."

హైమావతి నన్ను తీసుకుని, స్కేలు పక్కన మళ్లీ తనే పెట్టి చూసుకుంది. ఎన్ని తలలు గుర్తొచ్చాయో ఆమెకు. ప్రసన్న ఆమె భుజం మీద చెయ్యి వేసి త్వరత్వరగా అంది.

"సాగినా పర్లేదు. మూడు దారాల్నీ ఇదే చదివింది కదా. ఎంత తక్కువ చెప్పినా మూడింటికీ ఒకేలా చెబుతుంది, తేడా మాత్రం అబద్ధం కాదు. పద్నాలుగు రోజుల్లో మూడున్నర సెంటీమీటర్లు సిస్టర్. ఒకటి పెరగాల్సిన చోట మూడున్నర. ఇప్పుడే వెళ్లాలి."

పార్వతీపురంలో పిల్లల డాక్టరు ఇందుమతి మొదట పిల్లాడి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టింది. తర్వాత దాన్ని తల మీద, మెత్తటి మాడు మీద పెట్టింది. అందరూ ఆశ్చర్యంగా చూశారు. చాలాసేపు వింది. విన్నాక ఆ గొట్టాలు హైమావతి చెవులకు తగిలించింది. వాగు హోరులా ఉందంది హైమావతి. పుట్టి నెల కాని పిల్లాడి తలలో వాగు! నాకు కొంచెం అసూయ వేసింది. అన్నేళ్లు తలల్ని కౌగలించుకున్నాను, ఒక్కసారైనా లోపలి చప్పుడు నాకు వినబడలేదు.

మాడు మీంచే స్కానింగు చేశారు. ఆ డాక్టరు చిన్నమ్మడితో ఓపిగ్గా మాట్లాడింది.

"అమ్మా, మీ పొలానికి పెద్దకాలువ నీళ్లు ఎలా వస్తాయి?"

"బోదెల్లోంచి. సిన్న బోదెల్లోకి పంచి వదులుతారు."

"బోదెలు లేకుండా పెద్దకాలువనే తెచ్చి మడిలోకి వదిలేస్తే?"

"గట్టు తెగిపోద్ది."

"పిల్లాడి మెదడులో అదే జరుగుతోంది. జోరుగా వచ్చే రక్తం సన్న దారుల్లో నెమ్మదించి వెనక్కి పోవాలి. మధ్యలో ఆ సన్న దారులు లేకుండా పుట్టాడు. రక్తం నేరుగా ఒక నాళంలోకి దూకి దాన్ని ఉబ్బించేసింది. అంత రక్తం తోడలేక గుండె అలిసిపోతోంది. అందుకే పాలు తాగలేకపోతున్నాడు."

"గట్టు తెగిపోనాదా అమ్మా?"

"తెగలేదు. ఒక పక్క చెమర్చింది. కొంచెం రక్తం కారింది. ఇంకో వారం ఆగి ఉంటే తెగిపోయేది."

చిన్నమ్మడు తన రెండు చేతుల వైపూ చూసుకుంది. అడ్డం నిలబడినవీ, దారం కోసినవీ ఆ చేతులే.

విశాఖలో గుండెకు మందులిచ్చి నిలబెట్టి, హైదరాబాదు పంపాలన్నారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి వెంట్రుకంత గొట్టాన్ని మెదడు దాకా నడిపించి, తప్పుదారి నోట జిగురు పోసి మూస్తారట. ఒక్కసారే మూసేస్తే ప్రమాదం, విడతలుగా చెయ్యాలి. చేసినా అందరూ బతకరు. బతికినవాళ్లంతా అందరి పిల్లల్లా ఉండరు. గౌరునాయుడు మిల్లు బట్టలతోనే వచ్చి, ఇదంతా విని, సంతకం చేశాడు.

అంబులెన్సు దగ్గర హైమావతి నన్ను సంచిలోంచి తీసి చిన్నమ్మడి చేతిలో పెట్టింది. ఇంకో విడిపోవడం. నాకు అప్పలకొండ దుకాణం గుర్తొచ్చింది. డ్రైవరు అప్పటికే హారను కొడుతున్నాడు. ఇక్కడ కూడా అలాగే అవుతుందనుకున్నాను. కానీ హైమావతి ఒక కాలు అంబులెన్సు మెట్టు మీద పెట్టి, తలుపు వెయ్యనివ్వకుండా నిలబడింది.

"విను చిన్నమ్మడూ. ఇది సాగిపోయింది, తక్కువ చెబుతుంది. డాక్టర్లకి ఆ మాట చెప్పు. వాళ్ల టేపుతో వాళ్లు కొలుచుకుంటారు. నువ్వు మాత్రం ఎప్పుడు కొలిచినా దీంతోనే కొలువు. మధ్యలో మార్చకు. ప్రతి ఆదివారం."

"నాకు అంకెలు రావు కదమ్మా."

"దారం వచ్చు కదా నీకు."

తలుపు పడింది. ఒక మనిషి నన్ను ఇచ్చేటప్పుడు నా గురించి నిజం చెప్పింది. నాకది చాలు.

తర్వాత జరిగింది చెబితే మీరు నా మీద జాలిపడాలి. హైదరాబాదు ఆసుపత్రి వరండాలో చిన్నమ్మడు కొంగు ముడిలోంచి సూదీ ఎర్రదారమూ తీసింది. పిల్లాడి తల చుట్టూ నన్ను తిప్పి, కొస ఎక్కడ ఆనిందో అక్కడ సూది గుచ్చి కుట్టు వేసింది. నా పూత పగిలింది, అంకె మీద అంకె నలిగింది. ప్రతి ఆదివారం ఒక కుట్టు. ప్రసన్న ఫోన్లో బొమ్మ పంపమంటే, శ్యామల నన్ను పరిచి తీసి పంపేది. అవతల ఉపకేంద్రంలో ప్రసన్నా హైమావతీ కుట్లు లెక్కపెట్టి చదువుకునేవారు.

మొదటి కుట్టుకూ రెండో కుట్టుకూ మధ్య వేలి వెడల్పు చోటు. రెండోసారి గొట్టం పంపాక ఆ చోటు గోరంత అయింది. ఒక ఆదివారం కుట్టు మీదే కుట్టు పడింది. సూది దిగిన చోటే మళ్లీ దిగితే నొప్పి ఎంతని చెప్పను! చిన్నమ్మడు పట్టీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, వేలితో తడిమి, వరండా అంతా వినబడేలా అరిచింది.

"పెరగనేదే శ్యామలా! గుంటడి బుర్ర పెరగనేదు!"

చుట్టి కొలిస్తే ఎదగడని నన్ను గుమ్మంలో ఆపిన మనిషే, ఎదగలేదని కన్నీళ్లు పెట్టుకుని మొక్కుతోంది. మనుషులతో వేగడం నా వల్ల కాదు.

పిల్లాడు బతికాడు. ఎడమ చెయ్యి కుడిచేతికన్నా కాస్త నెమ్మది. మాటలు ఆలస్యంగా వస్తాయంటున్నారు. వాడికి ఏడాది నిండిన వారం, రిటైరైన హైమావతి నీలంవలస వచ్చింది. వాడు ఎడమ చేత్తో ఆమె కళ్లజోడు లాగబోయి, చాలక, కుడిచేత్తో లాగేశాడు. అందరూ నవ్వారు. చిన్నమ్మడు నన్ను ట్రంకుపెట్టెలోంచి తెచ్చి ఆమె ఒళ్లో వేసింది.

హైమావతి నా మీది ఎర్రకుట్లను ఒక్కొక్కటే వేలితో తడిమింది. వెనక్కి, వెనక్కి వచ్చి, కుట్లు మొదలయ్యే చోటు దాటి ఇంకా వెనక్కి వచ్చి ఆగింది. అక్కడ నేను శుభ్రంగా ఉన్నాను, ఒక్క కుట్టూ లేదు.

"ఆ సూది ఇలా ఇవ్వు చిన్నమ్మడూ. ఏటి అవతలి పాపది ఒకటి కుట్టాలి."

చిన్నమ్మడు దారం ఎక్కించి ఇచ్చింది. హైమావతి సూది పట్టుకుని ముప్పై ఆరు మీద పెట్టింది. తీసింది. ముప్పై ఎనిమిది మీద పెట్టింది. తీసింది. ముప్పై నాలుగు దగ్గరికి వచ్చి, అక్కడ మాత్రం పెట్టలేదు. ఆ సూది మొన ఎక్కడైనా ఒకచోట దిగితే బాగుండునని నేను ఎంత కోరుకున్నానో. అంతకు ముందు ఒక్క కుట్టును కూడా నేను అలా కోరుకోలేదు.

ఎక్కడ కుట్టాలో ఆమెకు తెలియదు. చెబుదామంటే నాకూ తెలియదు. ఆ తల చుట్టూ నేనెప్పుడూ వెళ్లలేదు.

కాసేపటికి దారం తీసేసి సూది తిరిగి ఇచ్చేసింది. నన్ను మడతపెట్టకుండా చుట్టింది. ఇప్పుడు మూడు నల్లదారాలూ నేనూ ఒకే పెట్టెలో ఉంటున్నాం. ఎర్రకుట్లు పడ్డాక నేనింక ఏ తలకూ పనికిరాను. మొదట ఆ దారాలంటే చిరాకుగా ఉండేది, ఇప్పుడు అలవాటైంది. అవి మాట్లాడవు. ఆ శుభ్రంగా ఉన్న నాలుగు అంకెల మేర మాత్రం, చుట్టులో ఎంత లోపలికి పోయినా, నాకు తెలుస్తూనే ఉంటుంది.